ఏడు పేటల డ్యూటీ

రాణీ చెన్నమాంబ ఏడు పేటల ముత్యాలహారం చచ్చిపోయిందన్న సంగతి మొట్టమొదట కనిపెట్టినవాడు, దాన్ని బతికించి ఉంచడానికి జీతం తీసుకుంటున్న లింబాద్రే.

దొంగతనం జరగలేదు. అసలు భయం అదే. స్ట్రాంగ్ రూమ్ తలుపు పగలలేదు, తాళం మీద గీత లేదు. ఇనుప బీరువాలో, గాలి చొరని డబ్బాలో, ఎర్ర మఖమల్ మీద ఉండవలసిన చోటే హారం ఉంది. ముత్యాలే ముత్యాల్లా లేవు. నానబెట్టి మరిచిపోయిన సగ్గుబియ్యంలా పాలిపోయి, అక్కడక్కడ పొట్టు రేగి పడి ఉన్నాయి. లింబాద్రి టార్చి వేశాడు. వెలుగు ముత్యాల మీద పడి అక్కడే ఇంకిపోయింది. దొంగ ఎత్తుకుపోతే పోలీసులకు చెప్పి చేతులు దులుపుకోవచ్చు. శవాన్ని పెట్టెలోనే వదిలి పోయిన హంతకుణ్ణి ఏ సెక్షను కింద పట్టుకుంటారు?

రాష్ట్ర ఆభరణ ప్రదర్శనశాలలో లింబాద్రి రక్షకాధికారి. ఆ కుర్చీకి అతనికున్న అర్హత ఒక్కటే: అతను మత్స్యశాఖ మనిషి. ముత్యం నీళ్ళలో పుడుతుంది, నీళ్ళలో పుట్టేదంతా మత్స్యశాఖ పరిధిలోకి వస్తుంది, కాబట్టి ముత్యాలున్న చోటికి మత్స్యశాఖ నుంచే ఒకణ్ణి పంపాలని పైన ఎవరో తేల్చారు. పంపించేయదగిన ఒకడి కోసం ఆ శాఖ ఎప్పట్నుంచో వెతుకుతూ ఉండింది కూడా. చేపపిల్లల జబ్బుల గురించి లింబాద్రికి తెలియనిది లేదు. ముత్యాల గురించి తెలిసింది, అవి గుండ్రంగా ఉంటాయని. ఆ ఒక్క ముక్కతోనే అతను ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు. ఇంకో ఆర్నెల్లు నెట్టుకొస్తే రిటైర్మెంటు. ఆ తర్వాత బాల్కొండ దగ్గర బావమరిది కుంటలో మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి బొచ్చె చేపపిల్లలను వదలాలి. ఆ బురద మీదే అతని ప్రాణం.

ఆ ఆర్నెల్లూ ఇప్పుడు ఆ సగ్గుబియ్యం చేతిలో పడ్డాయి.

డైరెక్టర్ డాక్టర్ ప్రభంజనరావు గారు మామూలుగా మాట్లాడితే గొంతు పట్టేసే మనిషి. పత్రికా ప్రకటనలా మాట్లాడితేనే ఆయనకు ఊపిరి ఆడుతుంది.

"లింబాద్రి గారూ, ఇది కేవలం హారం కాదు. ఒక జాతి కంఠసీమ. దీని కాంతిహీనతకు గల కారణాలపై సమగ్రమూ సత్వరమూ అయిన విచారణ జరిపించాలని నిర్ణయించడమైనది."

"విచారణ ఎవరు జేస్తరు సార్?"

"రక్షకాధికారి."

"అంటే నేనే గద సార్."

"ఆ గదిలోకి మీకన్న ఎక్కువసార్లు వెళ్ళినవారు లేరు. అనుభవజ్ఞులే విచారించాలి."

ఆ గదిలోకి వెళ్ళేది తానొక్కడే గనుక అనుమానించవలసింది కూడా తనొక్కణ్ణేనని లింబాద్రికి తట్టింది. కానీ విచారణాధికారి హోదాలో తన ముఖం అద్దంలో చూసుకుంటే చాలా నిజాయితీగా కనిపించింది. తనను వెంటనే వదిలిపెట్టి, ఏసీ మిషను మీద అనుమానం పెట్టుకున్నాడు.

నిపుణుడిగా పత్తర్‌గట్టి నుంచి అసద్ మియాను పిలిపించారు. తాతలనాటి నుంచి వాళ్ళది ముత్యాల వ్యాపారం. ఆయన హారాన్ని చేతిలోకి తీసుకుని, మనవరాలికి జ్వరమొచ్చినట్టు ముఖం పెట్టాడు.

"యా అల్లా! గాలి ఆడకుండ డబ్బల మూసిపెట్టిండ్రా?"

"గాలి ఆడొద్దనే గద సాబ్ డబ్బ," అన్నాడు లింబాద్రి. "తేమ గుంజే పొట్లాలు గూడ పెట్టినం."

"ముత్యం రాయి కాదు సాబ్. దానికి జర్ర తేమ ఉండాలె. మెత్తటి బట్టల చుట్టి పెట్టుకోవాలె, నెలకోపారి తీసి మెడల ఏసుకోవాలె. మనిషి ఒంటికి తగుల్తుంటె దాని నూర్, దాని మెరుపు, దానికొస్తది. మా అమ్మీ అంటుండె, మోతీ పెట్టెల ఉంటె ముసల్ది, మెడల ఉంటె పెండ్లిపిల్ల అని. కాని సాబ్, ఇది ఒట్టి ఎండిపోవుడు కాదు, ఈ పొట్టు జూస్తె…"

పొట్టును ఎవరూ చూడలేదు. డైరెక్టర్ గారు అప్పటికే లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళల్లో ఒక పథకం మెరుస్తోంది.

"మెడ!" అన్నారు. "వారసత్వం ప్రదర్శించేది కాదు, ధరించేది! సజీవ వారసత్వ పథకం! నేటి నుంచి ఈ హారం నిరంతరంగా, నిరాటంకంగా ఒక మెడపై ఉండుగాక!"

ఎవరి మెడ అన్నది మధ్యాహ్నం సమావేశంలో తేలాలి. డైరెక్టర్ గారి సతీమణి జాతి కోసం ఎంతటి బరువైనా మోస్తానని అప్పటికే ఫోను చేశారు. భద్రతాధికారి మొగిలి అడ్డుపడ్డాడు. పోలీసుశాఖలో ముప్పావు జీవితం గడిపిన మొగిలికి రూలు కంటపడితే సెల్యూట్ చేయడం తప్ప ఇంకోటి తెలియదు.

"సార్, ఈ సొమ్ము రక్షకాధికారి స్వాధీనంలనే ఉండాలె. ఇంకెవరి ఒంటి మీదికి పోయినా అది దుర్వినియోగం కిందికొస్తది."

సమావేశం మొత్తం మెల్లగా లింబాద్రి మెడ వైపు తిరిగింది.

"సార్, నాకు మీసాలున్నయి," అన్నాడు లింబాద్రి.

"నిబంధనల్లో మీసముల ప్రస్తావన లేదు," అన్నారు డైరెక్టర్ గారు.

మర్నాటి నుంచి లింబాద్రి సెంటు, పౌడరు, తలనూనె మానేశాడు. అవి ముత్యానికి విషమని ఉత్తర్వు వచ్చింది. వాచీ, ఉంగరం తీసేశాడు, ముత్యం మీద గీత పడుతుందని. మిర్చిబజ్జీ మానేశాడు, చెమట ఎక్కువవుతుందని. ఏసీ గదిలో కూర్చుంటే చెమటే లేదని వారం తిరిగేసరికి ఫిర్యాదు వచ్చింది. దాని మీద డైరెక్టర్ గారు "నియంత్రిత స్వేద విధానం" ప్రవేశపెట్టారు. పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి లింబాద్రి మేడమెట్లు ఎక్కి దిగాలి. వెనక మెత్తని నూలుగుడ్డతో ఒక అటెండరు, ఆ వెనక తుపాకీతో మొగిలి. మెట్లెక్కుతుంటే ఏడు పేటలూ గలగలమనేవి. పెళ్ళికి నడిచివస్తున్న ఎద్దులా ఉన్నాననుకునేవాడు లింబాద్రి. ఎద్దుకైతే పెళ్ళయ్యాక గంటలు విప్పుతారు.

జనం కత్తులనూ కిరీటాలనూ వదిలేసి అతని బల్ల చుట్టూ మూగారు. "గైడుగారూ, రాణి మీసాలు పెంచిందా?" అని ఒక కరీంనగరం పెద్దాయన అడిగాడు. ఎవరో తాకబోయారు. తాకరాదన్న బోర్డు పెట్టాలంటే వస్తువుకు నంబరుండాలి. హారానికి ఉంది, కింద ఉన్న మెడకు లేదు. నంబరు లేనిది ప్రదర్శనలో ఉండటం నేరం గనుక లింబాద్రిని కూడా వస్తువుల రిజిస్టరులో చేర్చుకున్నారు. పేరు: స్టాండు, మానవ, ఒకటి. రంగు: చామనచాయ. స్థితి: సాధారణం, చిన్న చిన్న పగుళ్ళు కలవు.

పగుళ్ళ మాట దగ్గర లింబాద్రి కాస్త నొచ్చుకున్నాడు. మిగతాది అతనికి పెద్ద తప్పనిపించలేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి తాను చేసింది అదే. ఎవరో తగిలించింది మోస్తూ కూర్చోవడం.

అసలు చిక్కు, గేటు దాటి ఇంటికి పోబోతున్న ఒక సాయంత్రం వచ్చింది. అంతవరకు పొద్దుగూకితే హారం తీసి డబ్బాలో పెట్టి పోతున్నాడు. ఆ రోజు డైరెక్టర్ గారు అది చూశారు.

"ఆగండి! ఐసీయూలో ఉన్న రోగికి సాయంత్రమైందని ఆక్సిజన్ తీసివేస్తామా? హారం మెడను వీడరాదు!"

"సార్, హారం స్ట్రాంగ్ రూమ్ వీడొద్దు," అన్నాడు మొగిలి. "మ్యూజియం మూసినంక బయటుంటె నా నౌకరి పోతది."

"నా ఇల్లు ఉప్పుగూడల ఉన్నది," అన్నాడు లింబాద్రి ఎవరూ అడగకపోయినా.

ఇద్దరు అధికారులూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి మాటా నిలబెట్టే దారి ఒక్కటే ఉంది. ఇలాంటి దారులు ఎప్పుడూ అవతలివాడి మీదుగానే పోతాయి. మెడను కూడా స్ట్రాంగ్ రూములోనే పెట్టారు.

"ఇంటి దగ్గర నా పెండ్లాం అండాలు ఎదురుజూస్తది సార్."

"ఆమెకు సందర్శకుల వేళలు వర్తిస్తాయి."

ఆ తర్వాత పట్టుదారం సంగతి వచ్చింది. ముత్యాలహారాన్ని వేలాడదీస్తే దారం సాగుతుందని, బల్లపరుపుగా పరిచి ఉంచాలని పై నుంచి సలహా వచ్చింది. నిలబడ్డ మనిషి మెడలో హారం వేలాడుతుంది. కూర్చున్నా వేలాడుతుంది. కనుక స్టాండును పడుకోబెట్టాలని తీర్మానమైంది. స్ట్రాంగ్ రూము మధ్య మఖమల్ బల్ల వేశారు. చొక్కా గుండీలు ముత్యాలను గీరుతాయని చొక్కా తీయించి, గుండెల దాకా తెల్లని మల్లుగుడ్డ కప్పారు. సందర్శకుల కోసం గోడకు మందపాటి అద్దం బిగించి, మాటలకు అందులో చిన్న జల్లెడ పెట్టారు.

తెల్లగుడ్డ కింద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్న పెద్దమనిషిని అద్దంలోంచి చూసినవాళ్ళు చెప్పులు విడవడం మొదలుపెట్టారు. రెండోరోజు ఎవరో అద్దం ముందు బంతిపూలు పెట్టారు. మూడోరోజు ఒక ముసలమ్మ చిల్లర వేసి, "మంచిగ బతికిండు బిడ్డ" అని కొంగుతో కళ్ళొత్తుకుంది. లింబాద్రికి ఆ మాట ఎంత బాగా తగిలిందంటే, కళ్ళు తెరిచి ఆమెను భయపెట్టబుద్ధి కాలేదు.

రిటైర్మెంటు దగ్గరపడింది. డైరెక్టర్ గారు స్టాండు తనిఖీకి వచ్చినప్పుడు లింబాద్రి పడుకునే అడిగాడు.

"సార్, వచ్చే నెల నా పదవీ విరమణ. ఎవరినన్న చూసుకోవాలె గద."

"మీరు ఉద్యోగిగా విరమిస్తారు. స్టాండుగా కాదు," అన్నారు డైరెక్టర్ గారు ఎంతో దయగా. "వస్తువులకు పదవీ విరమణ ఉండదు. కొట్టివేత ఉంటుంది. మీరు పూర్తిగా నిరుపయోగమని ముగ్గురు ఇంజనీర్లు ధ్రువీకరించాలి."

"నేను మొదటినుంచి నిరుపయోగమే సార్. కావాలంటె రాసిస్త."

"స్వీయ ధ్రువీకరణ చెల్లదు."

ఆయన వెళ్ళాక మొగిలి బల్ల దగ్గరికి వచ్చి వంగాడు. రూలు మీద ఎంత భక్తి ఉన్నా, రోజూ ఒక మనిషిని లోపల పెట్టి తాళం వేయడం అతనికి కష్టంగానే ఉంది.

"లింబాద్రన్నా, ఒక్కటే తొవ్వ ఉన్నది. సస్పెండైనోని తాన సర్కారు సొమ్ము ఉండొద్దు. రూలు. ఏదన్న నేరం జెయ్యి. ఎంటనే నీ మెడలకెల్లి తీసేస్తరు."

"ఈడ ఎల్లెలుకల పండుకొని ఏం నేరం జేద్దునే? నిద్రపోవుడు తప్ప చాతనైతలేదు."

"నిద్రపోవుడు ఉద్యోగికి తప్పు. స్టాండుకు తప్పు కాదు," అన్నాడు మొగిలి బాధగా. "సస్పెండైతె మల్ల పింఛను గూడ ఆగుతది. జూసుకో."

లింబాద్రి చూసుకున్నాడు. అటు పింఛను, ఇటు బాల్కొండ. పింఛను లేకుండా కుంట లేదు. కుంటకు పోకుండా పింఛను దేనికి?

శుక్రవారం అండాలు వచ్చింది. మొగుణ్ణి చూడటానికి టికెట్టు కొని, వరసలో నిలబడి, అద్దం దాకా రావడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. బంతిపూలు చూసి ఆగిపోయింది.

"ఓ నా దేవుడా! బతికుండంగనే పండబెట్టిండ్రేంది?"

"ఏడ్వకు. జనం జూస్తున్నరు," అన్నాడు లింబాద్రి పెదవులు కదపకుండా.

"జనం నాకు ధైర్యం చెప్తుండ్రయ్య! ఎన్కనున్నామె ఎప్పుడు పోయిండని అడుగుతున్నది!" అండాలు ముక్కు చీది, జల్లెడకు దగ్గరగా వచ్చి హారాన్ని పరిశీలనగా చూసింది. ఏడుపు ఆగింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఇవేంది, అచ్చం నా కమ్మల లెక్కనే అయినయి?"

"ఏ కమ్మలు?"

"నా ముత్యాల కమ్మలు! దసరకు ఇత్తడి చెంబులతోని కలిపి చింతపండు నీళ్ళల్ల ఏసి, తెల్లారి సున్నం ముద్దలు జేసి ఇచ్చినవ్ గద. తెలివిగల్లోడివని పొగుడుకున్నవ్ గూడ. గిట్లనే పొట్టు లేసింది."

లింబాద్రి మెడ కింద ఏదో చల్లగా పాకింది. ఏసీ గాలి కాదు. నెలల తరబడి ఏసీ మిషనునూ పురుగులనూ కరెంటువాళ్ళనూ అనుమానిస్తూ సాగదీసిన విచారణ ఆ క్షణాన ముగిసింది. నేరస్థుడు దొరికాడు. పారిపోయే వీల్లేకుండా వెల్లకిలా పడుకోబెట్టి, తాళం వేసి, నంబరు కూడా వేసి ఉన్నాడు.

"అండాలూ," అన్నాడు, "నేను దొరికిన."

ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం చాలింది. ఇన్నేళ్ళ కాపురంలో అతని తప్పులను ఆమె ముందుగానే పసిగడుతూ వచ్చింది.

"ఒప్పుకో మరి."

"పింఛను పోతది."

"పింఛను ఎవనికి? నీకా, స్టాండుకా?" అండాలు గొంతు జల్లెడ దాటి స్ట్రాంగ్ రూమంతా మోగింది. "చేపలు నేనమ్ముత. మొగన్ని టికెట్టు కొనుక్కొని చూసుడు మాత్రం నాతోని కాదు!"

వెనక వరసలోని ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. చనిపోయినవాడు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. లింబాద్రికి భయం వేసింది. ఉద్యోగంలో ఒక్క తప్పు కూడా ఒప్పుకోని రికార్డు అతనిది. దాన్ని ఇంత చివర్లో పాడుచేసుకోవాలా?

ఆ పై వారం ముఖ్య కార్యదర్శి మేడం పథకాన్ని చూడటానికి వచ్చారు. కెమెరాలు వచ్చాయి. దండలు వచ్చాయి. ఒక దండను పొరపాటున లింబాద్రి పాదాల దగ్గర పెట్టారు. డైరెక్టర్ గారు శాలువా సర్దుకుని స్ట్రాంగ్ రూములోకి మేడంను స్వాగతించారు.

"మేడం, ఈ విజయంతో సజీవ వారసత్వాన్ని రాష్ట్రమంతటా విస్తరింపజేయాలని నిర్ణయించడమైనది. ప్రతి హారానికీ ఒక మెడ, ప్రతి కంకణానికీ ఒక ముంజేయి. దేవరగిరి సంస్థానం వారి కిరీటానికి తల కూడా ఎంపిక చేశాం. మన మొగిలి గారి తలకు కొలత సరిపోయింది."

తలుపు దగ్గర నిలబడ్డ మొగిలి టోపీ తీసి, తలను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కత్తులకో?" అని అడిగారు మేడం.

"కత్తులను వాటి సహజ వినియోగంలో ఉంచే విషయమై ఉపసంఘం పరిశీలిస్తోంది."

మేడం హారం వైపు వంగారు. "ఇంకా పాలిపోయే ఉందే. అసలు ముత్యాలెలా పాడయ్యాయో తేలిందా?"

"విచారణ కొనసాగుతోంది. గాలి చొరని పెట్టెలో ఒంటరితనమే కారణమని ప్రాథమికంగా…"

లింబాద్రి మొగిలి వైపు చూశాడు. నెలల తరబడి రూలు తప్పకుండా తనకు తాళం వేసినవాడు, ఇప్పుడు తన తలకు ఎవరు తాళం వేస్తారా అని దిక్కులు చూస్తున్నాడు. ఆ చూపు లింబాద్రికి బాగా తెలుసు. కుంటలో నీళ్ళు తగ్గితే బొచ్చెపిల్లలు అలాగే చూస్తాయి.

అతను లేచి కూర్చున్నాడు. మల్లుగుడ్డ జారింది, పాదాల దగ్గరి దండ కిందపడింది, ఏడు పేటలూ గలగలమన్నాయి. ఒక కెమెరావాడు కెమెరా వదిలేసి తలుపు వైపు పరుగెత్తాడు.

"మేడం, దాన్ని పట్టించుకోకండి," అన్నారు డైరెక్టర్ గారు గాభరాగా. "స్టాండ్లు వాంగ్మూలం ఇవ్వరాదు!"

"చెప్పనివ్వండి," అన్నారు మేడం.

లింబాద్రి మీసం తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేనే మేడం. విచారణాధికారిగ చెప్తున్న, నేరస్థునిగ గూడ నేనే చెప్తున్న. ఈ ముత్యాలు డబ్బల ఒంటరిగుండి చావలే. చింతపండుతోని చచ్చినయి. పోయిన దసరకు ఆఫీసుల ఆయుధపూజ జేసినం. కత్తులు, కటార్లు, ఇత్తడి హుక్కలు, అన్నిటిని చింతపండు నీళ్ళల్ల నానబెట్టి తోమిపిస్తె తళతళ మెరిసినయి. డైరెక్టర్ సారు నా భుజం తట్టిండు. నాకు పొగడ్త అలవాటు లేదు మేడం, తలకెక్కింది. హారం కొక్కెం జర నల్లగున్నదని దాన్ని గూడ అదే బకెట్ల ఏసి బువ్వకు పోయిన. ఆ దినం బగార అన్నం పెట్టిండ్రు, లేటయింది. వచ్చి జూస్తె నీళ్ళు పాల లెక్క తెల్లగైనయి. మురికి పోయిందని మస్తు సంబురపడ్డ. పోయింది రాణిగారి ముత్యాల తోలు. మిగిలిన మెరుపు ఎటు పోకుండ తుడిచి, డబ్బల ఏసి, గట్టిగ మూత పెట్టిన. మత్స్యశాఖోన్ని మేడం నేను. చేపకు చింతపండు పడ్తదని తెలుసు, ముత్యానికి పడదని నాకెవలు చెప్పిండ్రు? మెడ తప్పు లేదు, డబ్బ తప్పు లేదు, తప్పు నాది. కిరీటం కింద మొగిలి తలకాయ పెట్టకుండ్రి, వానికి పిల్లలున్నరు. నన్ను సస్పెండ్ జెయ్యుండి, పింఛను ఆపుండి, జైల్ల పెట్టుండి, ఏ శిక్షన్న ఎయ్యుండి. ఒక్కటే మనవి మేడం. ఆ శిక్ష మనిషికి ఏసేదై ఉండాలె."